నీలం నీళ్లలో రాగి రవ్వ

మహబూబ్‌నగర్ కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేరిన రెండో ఏడు, ఒక పొద్దున నేను ల్యాబ్ తలుపు తీయబోతే మెట్ల మీద ఒక పెద్దాయన ఖాళీ సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. తెల్ల టోపీ, మోచేతుల దాకా మడిచిన చొక్కా, గోళ్ల సందుల్లో ఎంత తోమినా పోని పచ్చటి మరక.

“సారూ, జర డిస్టిల్ నీళ్లు ఒక సీసెడు ఇప్పిస్తరా? మా బాయి నీళ్లల్ల ఉప్పెక్కువున్నది. పని ఖరాబైతాంది” అన్నాడు.

నేను కిరాయికున్న సందు చివర గిల్టు దుకాణం ఆయనదే. సైకిల్ హ్యాండిళ్లు, ఇత్తడి దీపాలు, పెళ్లి బ్యాండు వాళ్ల బాకాలు ఆయన దగ్గరికి వచ్చేవి. తుప్పు గీకి, రాగి ద్రావణం తొట్టిలో ముంచి, కరెంటు పెట్టి రాగి పూత పట్టించి, దాని మీద నికిలు పూత వేసి అద్దంలా చేసి పంపేవాడు. బడికి పోయినవాడు కాదు. అయినా తొట్టిలోకి ఒకసారి తొంగి చూసి అందులో ఏది తగ్గిందో చెప్పేవాడు. నేనైతే బ్యూరెట్టు పట్టుకోకుండా చెప్పలేను. సీసా నింపి ఇచ్చాను. ఆ తర్వాత నేనాయన్ని ఉస్తాద్ అనడం, సాయంత్రాలు ఆ దుకాణం ముందు బల్ల మీద కూర్చుని చాయ్ తాగడం అలవాటైంది.

ఆయనకొచ్చిన కష్టం కడిగిన నీళ్లతో వచ్చింది. పూత పట్టిన ప్రతి సామానునూ కడగాలి. ఆ నీళ్లు లేత నీలంగా వెనక మోరీలోకి పోయేవి. మోరీ వెనకింటి అవ్వ పెరట్లోంచి పారేది. ముందు ఆమె బీర తీగ ఎండిపోయింది. తర్వాత పెరట్లోని బావి నీళ్లు చిలుము వాసన వేశాయి. ఆమె మోరీ పక్కన నిలబడి సందంతా వినేటట్టు అరిచింది.

“ఓ గిల్టు సాయబూ! నీ సామానుకు మెరుగు, నా బాయికి చిలుమా? గీ నీళ్లు తాగి నా మనుమరాలు రెండు దినాల సంది కక్కుకుంటాంది. నువ్వొక్క గిలాసెడు తాగు, నేను చూస్త!”

ఉస్తాద్ తల వంచుకుని విన్నాడు. అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. నెల తిరక్కుండా మున్సిపాలిటీ నుంచి కాగితం వచ్చింది. మూడు నెలల్లో ఆ నీళ్లు ఆపాలి, లేదంటే దుకాణం మూయాలి. దాన్ని నాతో చదివించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ముప్పై ఏండ్ల సంది ఇదే పని సారూ. ఇంకో పని రాదు నాకు.”

“ఫికర్ చెయ్యకుండ్రి ఉస్తాద్. ఆ నీళ్లల్లున్న రాగిని నేను తీస్త” అన్నాను.

ఆ మాట అంత తొందరగా ఎందుకన్నానా అని ఇప్పటికీ నా మీద నాకే చికాకు. కారణం లేకపోలేదు. అంతకు పది రోజుల ముందు హైదరాబాదులో ఒక పెద్ద గ్రంథాలయంలో ఇంగ్లండు పత్రిక ఒకటి తిరగేస్తుంటే ఒక వ్యాసం కంటబడింది. నాలుగు పేజీలు చేత్తో రాసుకుని తెచ్చుకున్నాను. అది నా సంచిలో ఉంది. అటువంటిది సంచిలో ఉంటే ఇరవై ఆరేళ్లవాడు ఊరుకోలేడు.

అందులోని సంగతి ఇది. చిక్కటి రాగి ద్రావణంలో లోహపు రేకు ముంచి కరెంటు పెడితే రాగి వచ్చి రేకుకు పట్టుకుంటుంది. ఉస్తాద్ రోజూ చేసేదదే. కడిగిన నీళ్లలో రాగి బాగా పలచన. రేకు చుట్టుపక్కల ఉన్న కాస్తా అయిపోయాక, దూరాన ఉన్నది నడిచొచ్చేలోపల కరెంటు ఖాళీగా కూర్చోదు. నీళ్లను చీల్చి బుడగలు లేపుతుంది. బుడగలే వస్తాయి, రాగి రాదు. ఆ వ్యాసం రాసినవాళ్లు రేకు తీసేసి గొట్టంలో సన్నటి రాగి రవ్వ పోశారు. కింది నుంచి నీళ్లు పైకి తోశారు. వేగం కుదిరితే రవ్వ కుప్ప మెల్లగా లేచి, కుతకుతలాడే జావలా కదులుతుంది. పలుకులు ఒకదానికొకటి తగులుతుంటాయి కనుక కరెంటు అన్నిటికీ అందుతుంది. నీళ్లలో రాగి ఏ మూల ఉన్నా దాని పక్కనే ఒక పలుకు ఉంటుంది. చదువుతుంటే ఎంత సులువుగా ఉందో!

మా శాఖాధిపతి కోస్తా నుంచి వచ్చినాయన. మంచి పాఠం చెబుతాడని పేరు. నా కాగితాలు నిలబడే చదివి బల్ల మీద పెట్టాడు.

“పాలమూరు మోరీకి ఇంగ్లండు శాస్త్రమా? ఏంటయ్యా ఇది? మనకి కావలసింది పిల్లల ప్రాక్టికల్సు. సరే, గొట్టం ఏదో కావాలన్నావు, దేనికన్నావు?”

“నీళ్లు కిందికెల్లి మీదికి పోవాలె సార్, గట్లయితేనే…”

“కిందికెల్లి కాదు. కింది నుంచి. పాఠం చెప్పేవాడివి, ముందు మాట సరిచేసుకో.”

నాకు చెవులు వేడెక్కాయి. చెప్పదలుచుకున్నది సగంలో ఆగిపోయింది. గొట్టం కొనడానికి ఆయన ఒప్పుకోలేదు. అయితే రోజూ మధ్యాహ్నం మూడు తర్వాత, శనివారాలు పొద్దుటి నుంచీ వెనక గది వాడుకోవచ్చని మాత్రం అన్నాడు. అదీ వద్దంటే బాగుండేదేమో, పని అక్కడే తెగిపోయేది.

గొట్టం సామాన్ల గదిలో దొరికింది. ముంజేయంత లావు, మూరెడు పొడవు, అంచు విరిగింది. నీళ్లు తోసే పంపు లేదు. అందుకని ఊరగాయ జాడీలు రెండు తెచ్చాను. ఒకటి అల్మారా మీద, ఒకటి నేల మీద. పై జాడీలోంచి రబ్బరు గొట్టం గుండా నీళ్లు దిగి, గాజు గొట్టం అడుగున చిల్లుల పలక గుండా పైకి లేచి, అంచు మీదుగా కింది జాడీలో పడతాయి. పైది ఏడెనిమిది నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అప్పుడు కింది జాడీ ఎత్తుకుని కుర్చీ ఎక్కి పైదాంట్లో పోయాలి. మళ్లీ దిగాలి. ఆ మూడు నెలలు నేనే పంపును.

రవ్వ ఉస్తాద్ ఇచ్చాడు. ఆకురాయితో రాసిన రాగి పొడిని పిండి జల్లెడలో పట్టి, మరీ సన్నందీ మరీ మోటుదీ తీసేసి, బొంబాయి రవ్వంతది మిగుల్చుకున్నాం. గొట్టం మధ్యలో సీసం పట్టీ, దాని చుట్టూ బట్ట సంచి. రవ్వ వెళ్లి సీసానికి తగిలితే కరెంటు అడ్డదారిన పోతుంది కాబట్టి ఆ సంచి తప్పదు. గోడ వారన రవ్వలోకి దిగే రాగి పట్టీ. ఫిజిక్సు వాళ్ల బ్యాటరీలు. నీళ్లలో కరెంటు బాగా పారడానికి కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లం.

మొదటి రోజు నీళ్లు వదలగానే రవ్వంతా ఒక్క ముద్దగా, సీసాకు బిరడాలా పైకి లేచింది. తర్వాత నీళ్లు ఒక పక్కన సందు చేసుకుని సర్రున పోయాయి. రవ్వ కదలకుండా కూర్చుంది. నీటిని తగ్గించాను. గంటలో పలుకులన్నీ ఒకదానికొకటి అతుక్కుని, రాగి పట్టీని పట్టుకుని రాయైపోయాయి. సుత్తితో కొడితే గాని ఊడలేదు. ముద్దతోపాటు గొట్టం కూడా పగిలింది. రెండో గొట్టం కోసం పాత బ్యూరెట్టు పెట్టెలు, డబ్బాలు వారం రోజులు వెతికాను. దొరికినదానికి అడుగున ఇంకా సన్నటి చిల్లుల పలక పెడితే నీళ్లు సమంగా లేచాయి, రవ్వ కదిలింది. అప్పుడు బట్ట పేచీ మొదలుపెట్టింది.

మాది రామన్నపేట దగ్గర సాలెవాళ్ల ఇల్లు. నాయిన మగ్గం మీదే ఉన్నాడు. దగ్గర నేత నూలు గుడ్డ గజం కావాలని ఉత్తరం రాస్తే, పొడి ఇసుక పోసినా కిందికి రాలనంత దట్టంగా నేసి బస్సులో పంపాడు. దాంతో సంచి కుట్టాను. ఐదో రోజు సంచి అడుగు ఊడి రవ్వ సీసం మీద పడింది. తీగ ఎర్రగా కాలి పొగ వచ్చింది. ఇంకోటి కుట్టాను, అదీ అంతే. అప్పటికే నా చొక్కాలు మూడు, ఆమ్లం చుక్కలు పడిన చోటల్లా జల్లెడలైపోయాయి. చొక్కా పోతుంటే సంచి ఎందుకు పోతుందో తట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. తట్టాక ఏం చేయాలో తోచలేదు.

అదే వారం నాయిన, ఉత్తరంలో నా రాత చూసి ఒంట్లో బాగాలేదేమోనని, తానే బస్సెక్కి వచ్చాడు. వెనక గదిలో బల్ల మీద చివికిన సంచి చూశాడు. చేతిలోకి తీసుకోగానే అది పొడిపొడిగా రాలింది.

“ఏందిరా గిది? నా చెయ్యి గుడ్డ గిట్ల పోదు. ఎలుకలు కొట్టినయా?”

“ఆమ్లం నాయినా. మస్తు పులుపు నీళ్లనుకో. నూలును తింటాంది.”

ఆయన రాలిన పోగులను వేళ్ల మధ్య నలిపి చూసి, నన్ను చూశాడు.

“పులుపుల నూలు పెట్టినవా? గింత సదివి? నూలుకు రంగెయ్యాలంటే సోడా పెడ్తం. పులుపు పెట్టి రంగేసేది పట్టుకు, ఉన్నికి. గా రెండే తట్టుకుంటయి. అడిగితే నేను చెప్పకపోదునా?”

నేను అడగలేదు. గజం గుడ్డ కావాలన్నానే గాని ఎందుకో రాయలేదు. రాస్తే ఆయనకేం తెలుస్తుందనుకున్నాను. ఆ రాత్రి ఆయన నా మంచం మీద పడుకుంటే నేను కింద చాప మీద పడుకుని సిగ్గుతో దొర్లాను.

ఆదివారం బస్సెక్కి మక్తల్ వెళ్లాను. సంతలో గొంగళ్లు నేసే కురుమాయన దగ్గర పలచటి ముక్క ఒకటి అడిగితే, ఎందుకని అడిగాడు. ఈసారి చెప్పాను. నవ్వి, రెండుసార్లు ఉడకబెట్టి దగ్గరపరిచిన ముక్క ఇచ్చాడు. ఆ ఉన్ని సంచి చివరిదాకా చెక్కుచెదరలేదు.

ఇక అంతా సవ్యంగా ఉండాలి కదా. ఉండలేదు. పని మొదలుపెట్టే ముందు రవ్వను తూచేవాణ్ని. అయ్యాక స్పిరిటుతో కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచేవాణ్ని. రాగి వచ్చి పట్టుకుంటే బరువు పెరగాలి. తగ్గింది! మళ్లీ చేశాను. మళ్లీ తగ్గింది. కరెంటు పారుతోంది, రవ్వ కదులుతోంది, సంచి బాగుంది, రాగి మాత్రం పోతోంది. నేను నీళ్లలోంచి రాగి తీయడం లేదు, నీళ్లలో రాగి కలుపుతున్నాను. పిచ్చెక్కినట్టయింది. శాఖాధిపతికి చూపించాను.

“తూకం రాదా నీకు? త్రాసు గాలికి ఊగుతుంటే కిటికీ వేసుకోవాలని నీకు నేను చెప్పాలా?”

“కిటికీ ఏసే తూచిన సార్. ఆరు మాట్లు తూచిన.”

“అయితే ఆరుసార్లూ తప్పు తూచావు” అని క్లాసుకు వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఉస్తాద్ గది గుమ్మంలోకి వచ్చి, గొట్టంలో తిరిగే రవ్వను కాసేపు చూసి, “ఎన్ని దినాలైతది సారూ? గడువు దగ్గర పడ్తాంది” అని మెల్లగా అడిగాడు.

“అయితది, అయితది! ఊకె ఊకె అడిగితే ఎట్లయితది? పని చెయ్యనియ్యరా మీరు?” అని అరిచాను.

ఆయన పట్టుకొచ్చిన కొత్త రాగి పొడి పొట్లం గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు. ఒక కోపం ఎక్కడో పుట్టి ఇంకెక్కడో దిగుతుందని నాకు తెలుసు. తెలిసీ ఆ పూట నోరు ఊరుకోలేదు.

ఆ తర్వాత పది రోజులు నేను గొట్టాన్ని చూస్తూ కూర్చున్నాను. భూతద్దం పెట్టి పలుకులు చూశాను. కొన్ని లేత గులాబీ రంగులో, కొత్త రాగి పట్టి మెరుస్తున్నాయి. కొన్ని గుంటలు పడి, మసకబారి, అరిగిపోతున్నాయి. ఒకే గొట్టం, ఒకే కరెంటు. అప్పుడు అర్థమైంది. నేను రవ్వను బాగా ఎగరనిస్తున్నాను. చూడముచ్చటగా ఉంటుందని నీళ్లు ఎక్కువ వదులుతున్నాను. పలుకులు ఒకదానికొకటి దూరమైతే కరెంటు అన్నిటికీ అందదు. కరెంటందని రాగి, గాలి కలిసిన ఆమ్లపు నీళ్లలో మెల్లగా కరుగుతుంది. ఆ గాలిని కలుపుతున్నది కూడా నేనే. కుర్చీ ఎక్కి అంతెత్తు నుంచి జాడీలో ధారగా పోస్తున్నాను కదా! ఇలా కరగడం ఈ పద్ధతికి ఉన్న గుణమేననీ, నా చేతకానితనం కాదనీ చాలా ఏళ్లకు తెలిసింది. అప్పుడు మాత్రం నా చేతకానితనమనే నమ్మాను.

రబ్బరు గొట్టం బిగించి నీళ్లు తగ్గించాను. పాలు పొంగడానికి ముందు మీగడ కింద కదిలినట్టు, రవ్వ కదిలీ కదలకుండా ఉండాలి. కాస్త తగ్గితే ముద్ద కడుతుంది, కాస్త పెరిగితే కరుగుతుంది. ఆ రెండింటి నడుమ వెంట్రుకవాసి చోటుంది. పై జాడీలో నీళ్లు తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది కనుక, వేళ్లతో బిగింపు సడలిస్తూ కూర్చోవాలి. జాడీలో పోసేటప్పుడు గరాటు గొట్టం అడుగుదాకా దించి, బుడగ లేకుండా పోశాను.

జనవరిలో ఒక శనివారం, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా అలా కూర్చున్నాను. అన్నం తినలేదు. నాలుగు గంటలు పట్టింది. కింది జాడీలోంచి కాసిని నీళ్లు పరీక్షనాళికలో తీసి అమోనియా చుక్క వేశాను. రాగి పిసరు ఉన్నా ముదురు నీలం రావాలి. రాలేదు. ఇంకో చుక్క వేశాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. రవ్వ తూచాను. పెరిగింది. మళ్లీ తూచాను. పెరిగింది!

పరుగెత్తుకుని దుకాణానికి వెళ్తే తాళం వేసి ఉంది. ఉస్తాద్ చెల్లెలి ఇంట్లో పెళ్లికని నకిరేకల్ వెళ్లాడట, నాలుగు రోజుల దాకా రాడట. శాఖాధిపతి శనివారం మధ్యాహ్నాలు కాలేజీలో ఉండడు. మెట్ల మీద కూర్చున్నాను. చెప్పుకోవడానికి అటెండరు ఒక్కడే కనిపించాడు. నాళిక చూపిస్తే, “నీళ్లే గద సారూ” అన్నాడు. నీళ్లే!

మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరును ఆ వచ్చే గురువారం కాలేజీకి పిలిచాను. వస్తానన్నాడు. సోమవారం కాలేజీ గేటుకు తాళం పడింది. తెలంగాణ కావాలని ఉద్యమం లేచిన రోజులవి. బడులు, కాలేజీలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. నా విద్యార్థులు ఊరేగింపుల్లో ఉన్నారు. ఆ మాటకొస్తే నేనూ రెండు రోజులు వాళ్లతో నడిచాను. మాట సరిచేసుకోమన్నప్పటి మంట ఇంకా ఉంది నాలో. నినాదం ఇచ్చి గొంతు పోగొట్టుకుని, సాయంత్రం అదే గేటు దగ్గర నిలబడి, లోపల నా గొట్టం ఉంది, తెరవండని కాపలావాణ్ని బతిమాలాను. అతను పైవాళ్లనడగమన్నాడు. శాఖాధిపతి ఇంటికి వెళ్లాను. తలుపు సందులోంచే మాట్లాడాడు.

“తాళంచెవి నా దగ్గర లేదయ్యా. ఉన్నా ఇప్పుడు గేటు తీయించడం నావల్ల కాదు. బయట ఏం జరుగుతోందో చూస్తున్నావుగా.”

ఆయన గొంతులో భయం వినబడింది. ఆ రోజు ఊరేగింపు ఆ వీధిలోంచే పోయింది. అందులో నేనున్నానని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. వచ్చేశాను.

గురువారం పోయింది. ఇంకో రెండు వారాలు పోయాయి. ఉస్తాద్‌కు మొహం చూపించలేక సందులో అటువైపు నడవడం మానేశాను. గడువు ఇంకో మూడు రోజులుందనగా ఇక తప్పదని దుకాణానికి వెళ్లాను. లోపల పని నడుస్తోంది. పెరట్లో కొత్తగా గచ్చు చేసిన తొట్టి ఉంది. అందులో విరిగిన బండి చక్రాల కమ్ములు, సైకిల్ రిమ్ములు, లేత్ మిషను దగ్గర రాలే ఇనుప చుట్టలు కుప్పగా పడి ఉన్నాయి. కడిగిన నీళ్లు ఒక పక్క నీలంగా దిగి, రెండో పక్క పసుపుపచ్చగా బయటికి వస్తున్నాయి. ఇనుముకు ఎర్రటి బురద పట్టింది. వేలితో గీస్తే రాగి.

రాగి ద్రావణంలో ఇనుప మేకు వేస్తే ఇనుము కరిగి రాగి దానిమీద పేరుకుంటుంది. బడిపిల్లల ప్రయోగం. ఏటా పీయూసీ వాళ్లకు నేనే చేయించేది. అంతెందుకు, ఇనుప బకెట్లయితే రాగి వాటికే పట్టేస్తుందని జాడీలు తెచ్చుకున్నవాణ్ని నేనే!

“ఎవరు చెప్పిన్రు ఉస్తాద్?”

“ఎవరు చెప్తరు సారూ? సామాను తీసే ఇనుప చిమ్టా తొట్టిల జారిపడ్తే ఎర్రగైతది గద. గది ఎప్పటి సంది చూస్తనే ఉన్న. గింత ఇనుము ఏస్తే ఏమైతదో అని ఏసి చూసిన.”

“మరి నాకెందుకు చెప్పలే?”

ఆయన చేతిలోని సైకిల్ హ్యాండిలు తుడుస్తూ, “మీరు పెద్ద యంత్రం జేస్తున్రు. నడుమ నా చిమ్టా ముచ్చట ఎందుకని ఊకున్న” అన్నాడు. అందులో ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ బాధ.

బయటికి వచ్చే నీళ్లలో అమోనియా చుక్క వేసి చూశాను. లేతగా నీలం వచ్చింది. రాగి పూర్తిగా పోలేదు, ఇనుము వచ్చి చేరింది, ఆమ్లం ఎక్కడిదక్కడే ఉంది. నా గొట్టం ఇంతకంటే శుభ్రంగా తీసింది. కానీ దాని ముందు నాలుగు గంటలు మనిషి కూర్చోవాలి, ఈ తొట్టి ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు. చివర ఇంకో గుంట తవ్వి అందులో సున్నం కలిపితే ఆ మిగిలిందీ, ఆమ్లమూ పోతాయని చెప్పాను. ఉస్తాద్ తవ్వించాడు. మూడు నెలల కష్టంలో ఆ దుకాణానికి నా వల్ల ఒరిగింది ఆ సున్నం గుంట ఒక్కటే. దాన్నయినా మొదటి రోజే చెప్పి ఉండవచ్చు.

ఇన్‌స్పెక్టరు వచ్చి మోరీలోకి చూసి, నీలం లేదని రాసుకుని వెళ్లిపోయాడు. వెనకింటి అవ్వ మాత్రం ఊరుకోలేదు. “నీలం పోయి ఎర్రమన్నొచ్చింది. రేపు ఏం రంగొస్తదో!” అంది. ఆమె బావి నీళ్లు మళ్లీ నోట పెట్టుకునేటట్టు కావడానికి రెండు వానాకాలాలు పట్టిందని విన్నాను. అంతదాకా ఆమె మనుమరాలే రెండు సందుల అవతల నుంచి బిందె మోసింది.

కాలేజీ తెరిచేసరికి చాలా నెలలు గడిచాయి. వెనక గదిలో నీళ్లు ఆవిరైపోయి, గొట్టం లోపల నీలం స్ఫటికాలు కట్టాయి. రవ్వ పచ్చటి గడ్డయింది. విడదీయాలని కాసేపు గీకి, విసుగొచ్చి వదిలేశాను. అప్పుడు శాఖాధిపతి లోపలికి వచ్చాడు. తన ఊరి దగ్గరికి బదిలీ అడిగి తెచ్చుకున్నాడు, పుస్తకాలు సర్దుకుంటున్నాడు. నా ప్రయోగాల నోటుబుక్కు ఆయన చేతిలో ఉంది.

“ఆ తగ్గిన తూకాలు, కాలేజీ మూయకముందు నేను కూడా ఒకసారి చూశాను. నువ్వు లేనప్పుడు. నీ రవ్వే తూచాను. నువ్వు రాసినట్టే వచ్చింది” అన్నాడు.

“అప్పుడే చెప్పకపోయినరా సార్?”

ఆయన కాసేపు నోటుబుక్కు అట్ట సవరించాడు. “చెప్పాల్సింది. ఎందుకో చెప్పలేదు. త్రాసు బానే ఉందయ్యా, నువ్వు కూడా బానే తూచావు” అని పుస్తకం బల్ల మీద పెట్టాడు. ‘చెప్పకపోయినరా’ అన్న నా మాటను ఆయన సరిదిద్దలేదు. నేను కూడా ఆయన వెళ్తుంటే గుమ్మం దాకా పోలేదు. ఆ ఒక్క మాట ఆ రోజు వినబడి ఉంటే పది రోజులు నా చేతిని నేను అనుమానించుకునేవాణ్ని కాదన్న కోపం ఇంకా ఉంది. ఇప్పుడాలోచిస్తే, గుమ్మం దాకా పోయి ఉండాల్సింది.

మరుసటి ఏడు నాకు నల్గొండ బదిలీ అయింది. అక్కడి ల్యాబులో వెనక గది లేదు, ముందు గదికే సగం కప్పు లేదు. మళ్లీ ఆ పని జోలికి పోలేదు. బయల్దేరేముందు ఉస్తాద్ నా సైకిల్ తీసుకెళ్లి, హ్యాండిలుకు నికిలు పూత పెట్టి, మొహం కనబడేటట్టు మెరిపించి తెచ్చాడు. వద్దన్నా వినలేదు. ఆరు నెలలకే ఆ పూత పొక్కులు లేచి రేకులు రేకులుగా ఊడింది. అడుగున జిడ్డు సరిగ్గా పోకుండానే పూత వేసి ఉంటాడు. నాకు తెలిసిన సంగతి అది. సామాను ముందు సోడాలో ఉడకబెట్టమని, ఎంతసేపో కూడా వివరంగా ఉత్తరం రాశాను. ఆయనకు చదువు రాదు, ఎవరితోనైనా చదివించుకోవాలి. చదివించుకున్నాడో లేదో, జవాబు రాలేదు.